దొంగసాక్ష్యం సరే, దొంగ తీర్పు సంగతేంటి?

విజయనగరం వాళ్ళం కన్యాశుల్కంలో వకీళ్ళని చూసి నూరేళ్ళకు పైగా నవ్వుతున్నాం. దొంగసాక్ష్యం మనకు పాత కథే. దొంగ తీర్పు మాత్రం కొత్త సరుకు. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులు దాఖలు చేసి జరిమానా వేయించుకున్నారు. 2024 డిసెంబరులో ఇచ్చిన తన ఉత్తర్వునే బెంగళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ఆ తర్వాత వెనక్కి తీసుకుంది. అందులో ఉదహరించిన తీర్పులు కొన్ని లేనే లేవు మరి.

ఏఐని తిట్టి ఊరుకోవడం తేలిక. నా గొడవ లా చదువుతో. నేను రాసే ప్రోగ్రాములో లేని ఫంక్షన్ని పిలిస్తే ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. కోర్టులో లేని తీర్పు చదివితే ఏదీ ఆగదు, ఎవరో ఒకరు వెతికి చూస్తే తప్ప. ఆ వెతకడం ఎక్కడ నేర్పుతున్నాం? బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో తప్పనిసరి క్లినికల్ పేపర్లు నాలుగు: డ్రాఫ్టింగ్, వృత్తి నీతి, కోర్టు బయటి పరిష్కార మార్గాలు, మూట్ కోర్టు. సమాచారం వెతికి సరిచూసుకోవడానికి విడిగా పేపరు లేదు. గైడు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కేయొచ్చు.

ఇది ఏఐ రాకముందు నుంచీ ఉన్న జబ్బే. సీతంపేట కొండల్లో భూమి తగాదా అంటే అందరి నోటా '1/70 చట్టం'. నిజానికి అది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ గిరిజనేతరుడిదే. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది కూడా. అసలు పాఠం తెరిచి చూడని ప్లీడరు సవర రైతునే కాగితాలు తెమ్మంటాడు.

302 అంటే హత్య అని సినిమాలు నేర్పాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షను. అక్కడ 302 అంటే మతభావాలను గాయపరిచే మాటలు. అంతకుముందు జరిగిన నేరానికి మాత్రం పాత ఐపీసీయే వర్తిస్తుంది. పాత గైడు ఇది చెప్పదు.

లైబ్రరీ లేదనే సాకు ఇక చెల్లదు. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం. ఇండియా కోడ్, ఇండియన్ కానూన్ ఫోన్లోనే తెరుచుకుంటాయి. ఎచ్చెర్లలో చదివే అమ్మాయికీ ఢిల్లీ సీనియరుకీ దొరికే పాఠం ఒకటే.

కాబట్టి ఒక్క పరీక్ష పెట్టండి. పది తీర్పుల పేర్లు, ఒక కంప్యూటరు, రెండు గంటలు. కొన్ని అసలు లేనివి, కొన్ని పైకోర్టు కొట్టేసినవి కలపండి. ఏది నిలుస్తుందో తేల్చలేనివాడికి నల్లకోటు ఇవ్వకండి. న్యూయార్కులో జరిమానా లాయర్ల మీద పడింది. సీతంపేటలో పోయేది కక్షిదారు భూమి.