మందు మనదే, భయమూ మనదే

కిందటి వేసవిలో క్యారీలో ఒక మిత్రుడింట్లో పాట్‌లక్ జరిగింది. భోజనాలయ్యాక, చిన్నప్పటి నుంచీ నన్ను అంకుల్ అని పిలిచే ఒక కుర్రాడు డెక్ మీదకి వచ్చాడు. "మీరు మందుల కంపెనీలో పనిచేస్తారు కదా అంకుల్, ప్రెప్ గురించి తెలుసా?" అని అడిగాడు. తెలుసు. కానీ నా నోటివెంట వచ్చింది "నీకెందుకురా అది?" అన్న మాట. "ఊరికే అంకుల్" అని లోపలికి వెళ్ళిపోయాడు. మనసొప్పక వారం తర్వాత ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. అప్పుడు చాలా సేపు మాట్లాడాడు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరా అని ఆరా తీయవద్దని మనవి.

ప్రెప్ అంటే హెచ్.ఐ.వి. లేనివాళ్ళు అది సోకకుండా ముందుగానే వాడే మందు. మొదటి మాత్రకు 2012 జూలైలో ఎఫ్.డి.ఎ. ఆమోదం వచ్చింది. చెప్పిన ప్రకారం వాడితే లైంగిక సంబంధాల ద్వారా సోకే ప్రమాదం 99 శాతం దాకా తగ్గుతుందని సి.డి.సి. చెబుతోంది. ఇతర సుఖవ్యాధులను మాత్రం ఇది ఆపదు. 2021 డిసెంబరులో రెండు నెలలకొకసారి తీసుకునే ఇంజెక్షన్, 2025 జూన్‌లో ఆరు నెలలకొకసారి తీసుకునేది ఆమోదం పొందాయి.

ఈ మందుల కథలో మన ఊళ్ళు రెండూ ఉన్నాయి. 1987లో ఎయిడ్స్‌కి తొలి మందు ఎ.జెడ్.టి.ని తెచ్చిన బరోస్ వెల్కమ్ మన పక్కనే, రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉండేది. ఇక ఆరు నెలల ఇంజెక్షన్ లెనకాపవిర్‌కి జనరిక్ తయారు చేయడానికి 2024 అక్టోబరులో గిలియడ్ లైసెన్సు ఇచ్చిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాదువే. అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్లు దాటిన ఆ మందును 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు మనిషికి 40 డాలర్ల చొప్పున అందించేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి.

మరి ఇక్కడ అడ్డం ధరా? చాలావరకు కాదు. ప్రెప్‌కి 2019లో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 'ఎ' గ్రేడు ఇచ్చింది కాబట్టి చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులు కోపే లేకుండా ఇవ్వాలి. మత విశ్వాసాల పేరుతో టెక్సస్ కంపెనీ ఒకటి మొదలుపెట్టిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 2025 జూన్‌లో ఆ నిబంధన నిలబడింది.

మా కుర్రాడి భయాలు వేరు. మొదటిది కవరు. 26 ఏళ్ళ వరకు తండ్రి ఇన్సూరెన్సులో ఉండవచ్చు. కానీ ఏ పరీక్ష చేయించుకున్నా వివరాల కాగితం పాలసీదారు పేరున ఇంటికొస్తుంది. రెండోది డాక్టరు. వాళ్ళ ఫ్యామిలీ డాక్టరు తెలుగాయన, శనివారం గుళ్ళో నాన్నగారి పక్కనే నిలబడతాడు. మూడోది అతని హెచ్-1బి స్నేహితులది: పరీక్షకి వెళితే గ్రీన్‌కార్డు పోతుందని.

మూడింటికీ జవాబులున్నాయి. ఆ కాగితాలు వేరే అడ్రసుకి పంపమని, అవి బయటపడితే తనకు ప్రమాదమని ఇన్సూరెన్సు కంపెనీకి రాసిస్తే, హిపా చట్టం ప్రకారం వాళ్ళు ఒప్పుకోవాలి. డాక్టరు ఎవరైనా కావచ్చు, టెలిహెల్త్ కూడా ఉంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిని దేశంలోకి రానివ్వని నిబంధన ఒకప్పుడు నిజమే, 2010 జనవరి 4తో పోయింది. పుకారు మాత్రం మిగిలింది.

జవాబులున్నా అవి అందాలంటే ముందు ఎవరినో ఒకరిని అడగాలి. చిక్కంతా అక్కడే. బీపీ మాత్ర అడిగితే బీపీ ఉందనే తెలుస్తుంది. ఈ మాత్ర అడిగితే తానెవరో చెప్పుకున్నట్టే. అందుకే అడగడు. ప్రెప్ మొదలుపెట్టాలన్నా ముందు హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి, కాబట్టి మందుకి జంకినవాడు పరీక్షకీ దూరమవుతాడు. అమెరికాలో కొత్తగా బయటపడే కేసుల్లో దాదాపు సగం మన దక్షిణాది రాష్ట్రాలవే, దేశం మొత్తమ్మీద అత్యధికులు స్వలింగ సంపర్కులైన మగవారే. మన తరం మాత్రం దీన్ని లారీ డ్రైవర్ల జబ్బుగా నేర్చుకుని విమానమెక్కింది. మంచి కుటుంబాల పిల్లలకి దీని అవసరం రాదనే నమ్మకం మన సామానులోనే వచ్చింది.

మన సంఘాల హెల్త్ క్యాంపుల్లో షుగర్, బీపీ చూస్తాం. అక్కడ పంచే కరపత్రంలో దీని గురించి నాలుగు వాక్యాలు చేర్చడానికి ఖర్చేమీ లేదు. మన డాక్టర్లు యువకులను పరీక్షించేటప్పుడు తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని, ఈ సంగతి అందరికీ ఒకేలా చెబితే, ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన పని ఉండదు.

ఆ కుర్రాడు పరీక్ష చేయించుకుని మందు మొదలుపెట్టాడు. మధ్యలో పోయిన ఆ వారం మాత్రం నా వల్లే. మీ పిల్లలో, మీ మిత్రుల పిల్లలో అడిగితే, ఎందుకని అడక్కుండా జవాబు చెప్పండి.