గొంతు చాటున స్వరకర్త

మా నకిరేకల్ ప్రాంతంలో తెల్లవారుజామున మైకులో ఘంటసాల భగవద్గీత వినిపిస్తే చాలు, దారిన పోయేవారు ఒక్క క్షణం ఆగి, "ఎవరు పోయిండ్రట?" అని అడుగుతారు. కర్తవ్య విముఖుడైన అర్జునుణ్ణి యుద్ధోన్ముఖుణ్ణి చేసిన బోధ మన పల్లెల్లో మరణవార్తకు సంకేతమైపోయింది. ఈ విడ్డూరాన్ని అట్లా ఉంచుదాం. ఆ గొంతు ఎవరిదో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. ఆ శ్లోకాలకు స్వరరచన చేసినదెవరని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు సైతం తడుముకుంటారు. అదీ ఘంటసాలే. ఆయన గాత్రమే ఆయనలోని సంగీత దర్శకుణ్ణి మరుగుపరచిందని నా అభిప్రాయం.

ఫ్రాన్సు దేశీయుడైన మారిస్ జార్ 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) చిత్రానికి సంగీతం కూర్చి ఆస్కార్ పురస్కారం పొందారు. ఆ తరువాత మరి రెండు ఆస్కార్లు ఆయనను వరించాయి. ఆయన గాయకుడు కాదు. అందుచేత ఆ సంగీతాన్ని మెచ్చుకొన్న వారందరూ స్వరకర్తనే మెచ్చుకొన్నారు. మన దగ్గర పాట మొదట నటుడిది, తరువాత గాయకుడిది, తీరిక ఉంటే కవిది. స్వరకర్త వంతు వచ్చేసరికి వినేవారికి ఓపిక మిగలదు.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. సంగీతం నేర్వాలన్న పట్టుదలతో విజయనగరం చేరి, మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద శిక్షణ పొందారు. క్విట్ ఇండియా ఉద్యమంలో చెరసాలకు వెళ్ళారు. 'స్వర్గసీమ' (1945)లో పాడారు. 1949లో 'మనదేశం', 'కీలుగుర్రం' చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు. ఆపైన 'షావుకారు' (1950), 'పాతాళభైరవి' (1951), 'పెళ్ళి చేసి చూడు' (1952), 'గుండమ్మ కథ' (1962) వచ్చాయి. జానపదం, సాంఘికం, హాస్యం దేనికదే వేరైన కథలు. వాటి సంగీతాలూ ఒకదానికొకటి పోలిక లేనివే.

ప్రాచీన సాహిత్యం బోధించే నాకు ఆయన పద్యానికి చేసిన మేలు అన్నిటికంటె మిన్నగా తోస్తుంది. రంగస్థలం మీద పద్యమంటే రాగాలాపన. ఒక పాదం చివర నటుడు రాగం అందుకొంటే 'వన్స్ మోర్'లు మోగేవి. ఇంతలో క్రియ ఎక్కడుందో, కర్త ఎవరో శ్రోత మరచిపోయేవాడు. ఘంటసాల ఆ రాగాన్ని కుదించారు. సమాసం విరిగే చోట కాక, అర్థం పూర్తయ్యే చోట ఊపిరి తీసుకొన్నారు. యతిస్థానం చెవికి అందుతుంది, భావం చెదరదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' చదువురాని వారి నోట కూడ నిలిచిందంటే కారణం ఇదే. తరగతి గదిలో నేను అరగంట వివరించే అన్వయాన్ని ఆయన రెండు నిమిషాల్లో వినిపించేవారు. కొంచెం అసూయగానే చెబుతున్నాను!

ఇది గాయకుని ప్రతిభే గదా అని మీరు అనవచ్చు. అయితే 'లవకుశ' (1963) వినండి. లవకుశుల పాటలు, పద్యాలు పాడినవారు పి. లీల, పి. సుశీల. అక్కడ ఘంటసాల గొంతు లేదు, ఆయన పద్ధతి ఉంది. పసివాళ్ళ నోట రామకథ జాలువారుతున్నప్పుడు వాద్యాలు మాటను మింగవు, పక్కన నడుస్తాయి. స్వరకర్తగా ఆయన విలువ ఎంతో తేల్చుకోవాలంటే ఇతరులు పాడిన ఈ పాటలే సరియైన గీటురాయి.

'మాయాబజార్' (1957) విషయంలో మరొక న్యాయం కూడ చెప్పాలి. అందులోని కొన్ని పాటలకు బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకొన్నాక ఆ బాణీలకు వాద్యసమ్మేళనం కూర్చి, మిగిలిన పాటలు రూపొందించినవారు ఘంటసాల. తెర మీద ఘంటసాల పేరే ఉంది. సాలూరి అభిమానులకు నేటికీ ఇది కొరతే. ఆ కొరత న్యాయమైనదే. బాణీలోని కొత్తదనంలో సాలూరి ఒక మెట్టు పైనే ఉన్నారని నేనూ ఒప్పుకొంటాను. తెలుగు మాట బరువెంతో ఎరిగి దానికి తగిన స్వరం తూచి ఇవ్వడంలో మాత్రం ఘంటసాలకు సాటి రాగలవారు నాకు కనిపించరు.

1970లో పద్మశ్రీ అందుకొన్న ఆయన 1974 ఫిబ్రవరి 11న, యాభై ఒక్క ఏళ్ళకే కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత ఆ తరువాతనే విడుదలైంది. శ్లోకం ఒక నడకలో, దాని వెంట తెలుగు తాత్పర్యం మరొక నడకలో సాగుతాయి. వచనానికి రాగం లేదు, కాని శ్రుతి తప్పదు. మొన్న ఒక విద్యార్థి, "సార్, మాట్లాడుతున్నట్టే ఉంది, పాడుతున్నట్టూ ఉంది, ఎట్లా?" అని అడిగాడు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, తరగతిలో అందరం ఆ తాత్పర్యాన్నే మళ్ళీ మళ్ళీ విన్నాము.