ప్యాకెట్ ముందు మాట, వెనక లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టా పక్క భాగాన్ని ఎప్పుడైనా గమనించారా? ఎవరు తయారు చేశారు, ఏ నెలలో, ఏ సంవత్సరంలో, ఏ సైజు, ఏ గ్రేడు ఉక్కు అన్న వివరాలు ఉబ్బెత్తు అక్షరాల్లో లోహంలోనే అచ్చుపడి ఉంటాయి. పట్టా ఎంత మెరుస్తోందన్నది రైల్వే ఇంజినీరుకు అనవసరం. ఆయనకు కావాల్సింది ఆ అక్షరాలూ అంకెలే. అదే ఊళ్లో, సుపేలా బజారులో బిస్కెట్ ప్యాకెట్ కొనేటప్పుడు మాత్రం రంగు, బొమ్మ, పెద్దక్షరాల పేరు చూసి సంచిలో వేసుకుంటాం.

తప్పంతా కొనేవాళ్లదేనా? కాదని నా అభిప్రాయం. లేబుల్ చదవడం అందరూ నేర్చుకోవాల్సిందే. కానీ అసలు సంగతి వెనక చిన్నక్షరాల్లో దాగి, ముందు వైపు ఊరించే మాట ఉన్నంత కాలం మన శ్రద్ధ ఒక్కటే సరిపోదు. ఇందుకు హైదరాబాదులో మొదలైన ఓఆర్ఎస్ వివాదమే సాక్ష్యం.

ఓఆర్ఎస్ నేర్పిన పాఠం

విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవారికి ఇచ్చే ఓఆర్ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ కచ్చితమైన కొలతలు నిర్ణయించింది. లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉండాలి. ఈ కొలతల వెనక చక్కని శాస్త్రం ఉంది. చిన్నపేగు గోడలోని ఒక ప్రోటీన్ గ్లూకోజ్‌నూ సోడియాన్నీ కలిపి లోపలికి చేరవేస్తుంది. వాటి వెంట నీరూ వెళ్తుంది. అందుకే ఈ ద్రావణంలో గ్లూకోజ్, సోడియం దాదాపు సమాన సంఖ్యలో, లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున ఉంటాయి. చక్కెర బాగా ఎక్కువైతే ద్రవాభిసరణ ఎదురు తిరుగుతుంది. పేగులోంచి రక్తంలోకి చేరాల్సిన నీరు, ఒంట్లోంచి పేగులోకి వస్తుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఈ కొలతలకు సరిపోని తీపి పానీయాలు కొన్ని, పేరులో ‘ఓఆర్ఎస్’ అక్షరాలు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరు 14న, ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. 2022లో ఇదే సంస్థ అలాంటి పేర్లను షరతు మీద అనుమతించింది. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలన్నదే ఆ షరతు. అంటే నిజం ప్యాకెట్ మీదే ఉండొచ్చు, అయినా కొనేవాళ్లకు చేరకపోవచ్చు. భిలాయిలో నౌతపా రోజుల్లో వాంతులు, విరేచనాలతో వాడిపోయిన బిడ్డను భుజాన వేసుకుని షాపు ముందు నిలబడ్డ తల్లి పెద్దక్షరాల పేరు చూస్తుందా, చిన్నక్షరాల హెచ్చరిక చదువుతుందా? ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ రాశారన్నదీ అంతే ముఖ్యం.

వెనక వైపు ఏం చూడాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 17 సూచనలున్నాయి. చివరిది లేబుల్ చదివి కొనడం గురించే. నియమాలు మారేదాకా మన చేతిలో ఉన్న సాధనం అదే కాబట్టి, ప్యాకెట్ వెనక మూడు చోట్ల చూపు నిలపండి.

మొదటిది పదార్థాల జాబితా. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర రాయాలన్నది నియమం. ముందు వైపు రాగి కంకి బొమ్మ ఉండి, జాబితాలో మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే అది మైదా బిస్కెట్టే. రాగి ఎంత శాతమో పక్కనే రాసి ఉంటుంది, చూడండి. చక్కెరకు మారుపేర్లు చాలా ఉన్నాయి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్ అన్నీ ఆ కుటుంబమే. ఒకే తీపిని మూడు పేర్లుగా విడగొడితే ఒక్కో పేరూ జాబితాలో కిందికి జారిపోతుంది.

రెండోది పోషకాల పట్టిక. ఇందులో 100 గ్రాముల లెక్కనే నమ్ముకోండి. రోజువారీ అవసరంలో ఎంత శాతమన్నది ‘ఒక సర్వింగ్’కు ఇస్తారు. ఆ సర్వింగ్ ఎంతో కంపెనీయే నిర్ణయిస్తుంది. మిక్చర్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 900 మిల్లీగ్రాముల సోడియం, సర్వింగ్ 30 గ్రాములు అని ఉందనుకుందాం. సర్వింగ్ లెక్కన అది రోజుకు 2,000 మిల్లీగ్రాముల పరిమితిలో 13.5 శాతమే. షిఫ్టు దిగి వచ్చి టీతో పాటు వంద గ్రాములు తినేస్తే 45 శాతం. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. ఇక్కడ అది 2.25 గ్రాములు. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. మధ్యాహ్నం పప్పులోనూ ఆవకాయలోనూ తిన్న ఉప్పు దీనికి అదనం.

మూడోది కలిపిన చక్కెర. మన లేబుళ్ల లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు 50 గ్రాములు గరిష్ఠ పరిమితి. పావు లీటరు శీతల పానీయంలో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాములు ఉంటే, ఒక్క సీసాతోనే సగానికి పైగా అయిపోతుంది.

ఎవరి భాషలో ఉంది?

ఇదంతా చదవగలిగినవాళ్ల సంగతి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలంటాయి మన నియమాలు. మరో భాష చేర్చడం కంపెనీ ఇష్టం. ప్లాంటు కట్టిన రోజుల నుంచీ భిలాయికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తెలుగు తప్ప మరో లిపి చదవలేని అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారు. బీపీ, షుగర్ భయం ఎక్కువగా ఉండే వయసు వాళ్లదే. శ్రీకాకుళంలో, కరీంనగర్‌లో ఉన్నవాళ్ల పరిస్థితీ అంతే. శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ చుక్క మాత్రం అక్షరం రానివాళ్లకూ అర్థమవుతుంది. చక్కెరకు, ఉప్పుకు, కొవ్వుకు అలాంటి గుర్తు ఎందుకు ఉండకూడదు?

చిలీ దేశం 2016లోనే ఆ పని చేసింది. చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్యాకెట్ ముందు వైపు నల్లని అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసింది. మెక్సికో 2020లో అదే దారి పట్టింది. మన దగ్గర 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ నక్షత్రాల రేటింగ్ ముసాయిదా తెచ్చింది. ముందు వైపు లేబుళ్లపై నిపుణుల కమిటీ సిఫారసులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో గడువు పెట్టింది.

నక్షత్రాల పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. అందులో పీచు, ప్రోటీన్, చిరుధాన్యాలకు మార్కులు కలిపి చక్కెర, ఉప్పుల మార్కులను తగ్గిస్తారు. కాస్త పీచు కలిపినంత మాత్రాన చక్కెర చక్కెర కాకుండా పోదు. పైగా రెండు నక్షత్రాలు కూడా ఏదో మెచ్చుకోలులాగే కనిపిస్తాయి. హెచ్చరిక ముద్రతో చిరు వ్యాపారులకు నష్టమన్న వాదన ఉంది. వాళ్లకు గడువు ఎక్కువ ఇవ్వవచ్చు. ముద్రే వద్దనడానికి అది కారణం కాదు.

అప్పటిదాకా బడులు ఒక పని చేయవచ్చు. ఖాళీ ప్యాకెట్లు తెప్పించి, సోడియాన్ని ఉప్పుగా, సర్వింగును వంద గ్రాములుగా మార్చే లెక్కలు పిల్లలతో చేయించవచ్చు. శాతాలు, గుణకారం వచ్చిన పిల్లలకు ఇది పది నిమిషాల పని. ఆ లెక్క ఇంట్లో నానమ్మకు తెలుగులో చెప్పమనడమే హోంవర్కు.