పుస్తకము తన్ను తానే తినుచున్నది

చెదలు పుస్తకమును తినునని యెల్లరు నెఱుగుదురు. పుస్తకము తన్ను తానే తినునని యెఱిగినవారు కొందఱే. పందొమ్మిదవ శతాబ్దపు నడిమినుండి ప్రాతగుడ్డల గుజ్జునకు మాఱుగా కొయ్యగుజ్జుతో కాగితము చేయసాగిరి; సిరా పాకకుండుటకై పటిక కలిపిరి. అందుండి పుట్టిన ఆమ్లము కాగితపు నారను మెల్లమెల్లగ తెంపుచుండును. వేడిమియు తేమయు దానికి తోడ్పడును. మన్యపు వాకిట నున్న నర్సీపట్నమున నీ రెంటికిని కొదువలేదు. కావుననే తాతలనాటి తాటాకు నిలిచియుండగా, తండ్రులనాటి అచ్చుపుస్తకము చేతిలో పొడియగుచున్నది.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది; 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టినది. ఊరూర చందాలు దండి పెద్దలు కూర్చిన పుస్తకములలో పెక్కింటి కాగిత మిట్టిదే. వారి శ్రమ మన కన్నులయెదుట బూడిదయగుట మనకు సమ్మతమేనా?

ఆమ్లమునకు క్షారము విరుగుడు. ఆకు నాకును విడదీసి సున్నపునీట ముంచు పద్ధతి మేలైనదేగాని, వేలకొలది గ్రంథముల కది చాలదు. అమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయము 1995 మొదలు మెగ్నీషియము ఆక్సైడు సన్నపు పొడి కలిపిన ద్రవమున పుస్తకములను కుట్టు విప్పకయే, పెద్దయెత్తున శుద్ధిచేయించినది. అయితే ఈ చికిత్స క్షయమును మందగింపజేయునేగాని, పోయిన బలమును మరల నీయజాలదు. కావున జాగు చేసిన దినమెల్ల నష్టమే.

"ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులో నుంచితిమిగదా, ఈ చిత్తుకాగితము లేల?" యని కొంద ఱందురు. ఆ చిత్రమున నొక పుట తప్పినను, ఒక పంక్తి మసకబాఱినను, మూలమును తూకమునకు అమ్మినవారు దేనితో సరిచూతురు? చిత్రము చదువుటకు సాధనము; మూలము సత్యమునకు సాక్షి. రెండును వలయును.

"వ్యయమెక్కడిది?" యని మఱికొందఱు. ఊరికొక యంత్ర మక్కఱలేదు. రాష్ట్రమున కొక్క శుద్ధిశాల చాలును. అన్ని పుస్తకములును నక్కఱలేదు. ప్రతులు కొలదిగ మిగిలినవి ముందు. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయములకై మనము చెల్లించుచునే యున్నాము. క్రొత్తపుస్తకములు కొనుటయే కాదు, ఉన్నవానిని కాచుటయు నా ధనముయొక్క ధర్మము.

చదువరులారా! మీ యూరి గ్రంథాలయమున కేగి యొక్క ప్రశ్న వేయుడు: 1950కి ముందటి పుస్తకము లెన్ని, వాని పట్టిక యేది? ఆ పట్టిక లేనిచో వ్రాయించుటయే మొదటి చికిత్స.