సముద్రానికి సెలవు రోజు

"సముద్రానికి టిక్కెట్టేమిటోయ్? వీళ్ళ తాతగారు గాని తవ్వించారా?" అన్నారు మా బావగారు.

హవాయిలోని ఓఆహు ద్వీపంలో, హనౌమా బే అనే చిన్న అఖాతం గట్టు మీద మేము వరుసలో నిలబడి ఉన్నప్పటి మాట ఇది. పరాయి ప్రాంతం వారికి మనిషికి 25 డాలర్లు. ఆ అనుమతి అయినా, రెండు రోజుల ముందు ఉదయం ఏడు గంటలకు అంతర్జాలం ముందు కాచుకు కూర్చుంటే దక్కినది. నీటి దగ్గరకు పోనిచ్చే ముందు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తొమ్మిది నిమిషాల చిత్రం చూపిస్తారు. పగడాల మీద నిలబడకండి, చేపలకు మేత వేయకండి, తాబేళ్ళకు దూరంగా ఉండండి అని పాఠం. సోమ, మంగళవారాలలో అసలు తలుపే తీయరు. ఆనాడు బావగారి విసుగుతో నేనూ ఏకీభవించాను. ఆ ఏకీభావాన్ని ఉపసంహరించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఆ చోటు ఒకప్పటి అగ్నిపర్వతం నోరు. ఒక పక్క గోడను అలలు కొట్టి కొట్టి పడగొట్టగా సముద్రం లోపలికి వచ్చి కూర్చున్నది. మూడు వైపులా కొండ, నాలుగో వైపు మహాసముద్రం. అంచు దాకా వస్తే తప్ప లోపల ఇంత నీరున్నదని తెలియదు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న పగడపు దిబ్బ పెద్ద అలలను బయటే ఆపుతుంది కనుక, కాలువలో ఈత నేర్చిన నావంటివాడు కూడా ముఖానికి అద్దం, నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకుని ధైర్యంగా తేలవచ్చు.

తల నీటిలో ముంచగానే నాకు ముందు తెలిసింది రంగులు కాదు, చప్పుడు. ఎవరో పక్కన కూర్చుని అటుకులు నములుతున్నట్లు కరకరమని వినిపించింది. చూద్దును గదా, చిలుకచేపలు! ముక్కువంటి పళ్ళతో పగడపు రాతిని గీకి, దాని మీది నాచు తిని, రాతిని పిండి చేసి వెనుకనుంచి వదులుతాయి. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి క్వింటాళ్ళ కొద్దీ ఇసుక తయారుచేస్తుందట. ఇటువంటి దీవులలో మనం తువ్వాలు పరచుకుని పడుకునే తెల్లటి ఇసుకలో చాలా భాగం ఏదో ఒక చేప కడుపులోంచి వచ్చినదే. ఆ రాష్ట్రపు అధికారిక మత్స్యం కూడా కనిపించింది. దాని పేరు హుముహుమునుకునుకుఆపుఆఅ; మన ప్రబంధకవుల సమాసాలకు తీసిపోదు. కొంత సేపటికి ఒక సముద్రపు తాబేలు, నన్ను ఒక కొయ్యదుంగగా లెక్కగట్టి, నాచు మేస్తూ పక్కనుంచి సాగిపోయింది. ఆ జాతి ఆడ తాబేళ్ళలో అధికభాగం గుడ్లు పెట్టడానికి సుమారు 800 కిలోమీటర్లు ఈదుకుంటూ వాయవ్యాన ఉన్న చిన్న దిబ్బల దాకా పోతాయి.

ఆ ఆనందంలో ఉండగా అద్దంలోకి నీరు చేరింది. ఊపిరి అందలేదు. కంగారుగా కాళ్ళు కిందికి దించి, దొరికిన బండ మీద నిలబడ్డాను. తల బయటపెట్టి, అద్దం తుడుచుకున్న తరువాతగాని తెలియలేదు, అది బండ కాదని. నేను నిలుచున్నది బతికి ఉన్న పగడం మీద. చిత్రం చూసి గంట కూడా కాలేదు! ఆ రకం పగడం ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నా పాదమంత మేర పెరగడానికి పదేళ్ళకు తక్కువ పట్టి ఉండదు. నన్నెవరూ చూడలేదు, ఏమీ అనలేదు. అందుకే ఆ తప్పు ఇప్పటికీ నాతోనే ఉన్నది.

నేను దుర్మార్గుణ్ణి కాను. భయపడిన మనిషిని, అంతే. అయితే నావంటి మంచివాళ్ళు రోజుకు పదివేలమంది దిగితే ఏమవుతుంది? ఇది ఊహాప్రశ్న కాదు. 1950లలో సముద్రగర్భ టెలిఫోను తీగ వేయడానికి ఆ దిబ్బను పేల్చి దారి తీశారు. దూరాన ఉన్నవారితో మాట్లాడాలన్న కోరికకు కూడా ఒక ధర ఉన్నదని అంతర్జాలంలో రాసుకునే మనం గుర్తుంచుకోవాలి. 1967లో చేపలు పట్టడం నిషేధించి, దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వలలు ఆగాయి కాని, కాళ్ళు ఆగలేదు. 1980ల చివరికి కొన్ని రోజులలో పదివేలమంది దాకా వచ్చేవారు. చేపలకు రొట్టెముక్కలు, బఠాణీలు వేసేవారు. అందరూ ప్రేమతో వచ్చినవారే! 1990 నుంచి పరిమితులు, తరువాత వారానికో సెలవు, 2002 నుంచి ఆ చిత్రం వచ్చాయి. 2020లో మహమ్మారి వల్ల నెలల తరబడి మూసివేస్తే నీరు తేటపడింది. ఆ పాఠం తోనే, డిసెంబరులో తలుపు తెరిచినప్పుడు సందర్శకుల సంఖ్యను బాగా తగ్గించారు.

బావగారి ప్రశ్నను తేలికగా కొట్టివేయలేను. ప్రకృతి అందరిదీ అయినప్పుడు డబ్బున్నవాడే చూడడమేమిటి? న్యాయమైన మాటే. అక్కడ స్థానికులకు రుసుము లేదు, చిన్నపిల్లలకూ లేదు. అయినా అంతదూరం విమానమెక్కి వెళ్ళగలిగిన నేను, 25 డాలర్ల దగ్గర పేదల పక్షాన వాదించడం నాకే నవ్వు తెప్పించింది.

అసలు ఈ ఏర్పాటు మనకు కొత్తదా? మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఉండేది. దానికి కంచె, కాపలాదారు. చెప్పులతో దిగరాదు, గేదెలను తోలరాదు, బట్టలు ఉతకరాదు. ఎవడైనా గట్టు దిగి కాళ్ళు కడిగితే ఊరంతా తిట్టేది. "చెరువు అందరిదీ కదా" అని ఎవడూ వాదించలేదు. అందరిదీ గనుకనే ఆ కట్టడి.

కంచెతో అన్నీ తీరిపోవని నాకు తెలుసు. 2014, 2015లలో సముద్రం వేడెక్కి హవాయి పగడాలు తెల్లబారాయి. ఆ వేడి టిక్కెట్టు కొనుక్కుని రాదు, మంగళవారం ఆగదు. పగడాలకు హానిచేసే రెండు రసాయనాలున్న సన్‌స్క్రీన్ లేపనాల అమ్మకాన్ని ఆ రాష్ట్రం 2021 జనవరి నుంచి నిషేధించింది. అదీ చిన్న ఉపశమనమే. కాని జ్వరంతో ఉన్నవాడి గుండెల మీద మనం కూడా ఎక్కి నిలబడనక్కరలేదు కదా!

అండమాన్‌లోని జాలీ బాయ్ దీవిలోకి ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు, ఏడాదిలో కొన్ని నెలలు అసలు ఎవరినీ రానివ్వరు. అక్కడకు వెళ్ళే మనవాళ్ళు కూడా ఇదే విసుగు ప్రదర్శించడం విన్నాను. వారికి నా మనవి ఒక్కటే: తలుపు మూసి ఉన్ననాడు లోపల ఏమీ జరగడం లేదనుకోకండి. చూసేవారు లేకున్నా చిలుకచేప తన రాయి తాను నములుతూనే ఉంటుంది.

బావగారు ఇంకా ఒప్పుకోలేదు. మీరేమంటారు?