ఆటవిడుపు

ఆంగ్లభాషలో ‘లేక్’ అను క్రియాపదము పూర్వము వాడుకలో నుండెడిది. ఆడుకొనుట యని దాని యర్థము. సరోవరమును తెలుపు లేక్ పదముతో దీనికి చుట్టరికము లేదు. స్కాండినేవియా నుండి వచ్చి ఉత్తర ఇంగ్లండున కాపురమున్నవారి నోట నాటుకొన్న యీ మాట 14వ శతాబ్దమున లాంగ్లండు కవి కావ్యమునందు గానవచ్చుచున్నది. తరువాత ‘ప్లే’ యను మాట దీనిని గ్రంథములనుండి వెడలగొట్టెను. యార్కుషైరు జనుల మాటలలో మాత్రము మిగిలినది.

దీని జ్ఞాతులు చాలమంది గలరు. డేనిషు భాషలో ‘లెగ్’ అనగా ఆట. ‘బాగుగా ఆడుకొనుము’ అను నర్థమిచ్చు రెండు మాటలు కలిపియే డెన్మార్కు వడ్రంగి యొకడు 1934లో తన బొమ్మలకు ‘లెగో’ యని పేరిడెను. 4వ శతాబ్దమున ఉల్ఫిలా బిషపు గోతికభాషలోనికి మార్చిన లూకా సువార్తలో, మరియ వందనము విని ఎలీసబెతు గర్భమందలి శిశువు గంతులు వేసినచోట (1:41) ఉన్నదియు నీ ధాతువే. మన ‘ఆడు’ ధాతువును ఇట్టిదే కదా! పిల్లలు బంతి యాడుదురు. పామర్రు దాటిన కూచిపూడివారు భాగవతమాడుదురు. గాలికి ఆకు ఆడును.

యార్కుషైరులో నీ మాటకు మరియొక యర్థము గలదు. పని లేక కూలివాడు ఇంట గూర్చున్నను ‘లేకింగ్’ అనియే యందురు. మన ‘ఆటవిడుపు’ ఇంచుమించు దీనివంటిదే, కాని భేదమున్నది. వారిది కూలి పోయిన దినము. మనది పెద్దలు విడిచిపెట్టిన దినము. విడుచువాడు లేనిదే విడుపు లేదు.

ఎమిలీ బ్రాంటీ 1847లో ప్రకటించిన ‘వుదరింగ్ హైట్స్’ నవలలో జోసెఫను ముసలి సేవకుడు, విశ్రాంతిదినము గడువకమున్నే ఆడుకొనుచున్నారని పిల్లలను గద్దించుచు నీ మాటనే వాడును. విశ్రాంతిదినమును మేమును గౌరవింతుము. ఐనను జోసెఫు పక్షము వహింపజాలము. బాగుపడబోవు యెరూషలేమును వర్ణించుచు జెకర్యా ప్రవక్త (8:5) చూపినది వీధులనిండ ఆడుకొను బాలబాలికలను. పరీక్షలో నెగ్గినవారి పట్టికను గాదు.

నేడు జోసెఫులు వేరు వేషమున నున్నారు. కొన్ని పాఠశాలలలో పదవ తరగతి కాలపట్టికయందు ఆటల గంట కలదు. ఆ గంటలో లెక్కలు జరుగును. తలిదండ్రులును దానినే మెచ్చుచున్నారు. పిల్లలు సెలవును ‘హాలిడే’ యనుచున్నారని భాషాభిమానులు నొచ్చుకొందురు. మాకు అది చిన్న బాధ. పని మానిన పిమ్మట దాని పేరు ఎంతకాలము నిలుచును? లేక్ పోయిన యింగ్లండులో ఆట పోలేదు, ప్లే వచ్చినది. ఇచ్చట ఆటయే పోవుచున్నది.

కావున ఉయ్యూరు ప్రాంతపు ఉపాధ్యాయ సోదరులకు మా మనవి యొక్కటియే. రాబోవు సంవత్సరపు కాలపట్టికలో ఆ గంట యెదుట ‘ఆటవిడుపు’ అని తెలుగున వ్రాయుడు. వ్రాసిన పిమ్మట సుద్దముక్కను బల్లమీద నుంచి, మీరును మైదానమునకు రండు.