బోల్టు పట్టింది సరే, బండికి పడుతుందా?

ఐటీ కారిడార్‌లో బైక్ నడిపేవాళ్ల నోట తరచూ వినిపించే డైలాగ్ ఒకటుంది: "వెనక షాక్స్ మార్చేశా బాస్, పల్సర్‌వి వేయించా." బండి స్ప్లెండర్ కావచ్చు, పాత యమహా కావచ్చు. మందు మాత్రం అందరికీ ఒకటే: పక్కన చిన్న గ్యాస్ డబ్బా ఉండే పెద్ద బండి షాక్స్. పుత్లీబౌలి వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఒక జత కొనుక్కుంటే, గల్లీ మెకానిక్ బిగించేస్తాడు. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. అంతే కదా?

మన భాషలో చెప్పాలంటే, కోడ్ కంపైల్ అయింది. ప్రొడక్షన్‌లో ఏం చేస్తుందో ఇంకా తెలీదు.

మా టీమ్‌లో ఒకడు నిజాంపేట నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి రోజూ స్ప్లెండర్ మీదే వస్తాడు. ఆదివారం అదే బండి మీద వాళ్లమ్మని గుడికి తీసుకెళ్తాడు. ఆవిడకి నడుం నొప్పి. ఈ మధ్య "నువ్వు పోరా, నేను ఆటోలో వస్తా" అంటోందట. వాడికి ఆ మాట గుచ్చుకుంది. "పల్సర్ షాక్స్ వేయిస్తే అమ్మకి మెత్తగా ఉంటుంది కదా మావా?" అనడిగాడు. మెకానిక్ అప్పటికే "ఫిట్ అయితది అన్నా" అనేశాడు కూడా.

ఫిట్ అవడం వేరు, మెత్తగా ఉండటం వేరు. స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు. పల్సర్ 150 సుమారు 148 కిలోలు. బరువైన బండిని మోయడానికి చేసిన స్ప్రింగ్‌ని తేలికైన బండి కింద పెడితే మామూలుగా గట్టిగానే అనిపిస్తుంది. ఇద్దరు ఎక్కినప్పుడు బాగుండొచ్చు. వారంలో ఐదు రోజులు ఒక్కడే వెళ్లేవాడికి మాత్రం ప్రతి గుంతా నేరుగా వెన్నులోకే.

షాక్‌లో ఇద్దరుంటారు

బయటికి కనిపించేది స్ప్రింగ్. బరువు మోస్తుంది, గుంత దెబ్బని తనలో దాచుకుంటుంది. లోపల ఉండేది డ్యాంపర్. స్ప్రింగ్ దాచుకున్న ఆ శక్తి మళ్లీ మనల్ని పైకి ఎగరేయకుండా, ఆయిల్‌ని సన్నటి రంధ్రాల్లోంచి నెట్టి, వేడిగా మార్చేస్తుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతోందంటే ముందు అనుమానించాల్సింది డ్యాంపర్‌నే.

మరి ఆ గ్యాస్ డబ్బా ఎందుకు? అందులోని నైట్రోజన్ ఒత్తిడి వల్ల ఆయిల్ నురగ కట్టదు. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపినా డ్యాంపింగ్ పెద్దగా తగ్గదు. మెత్తదనం మాత్రం గ్యాస్‌తో రాదు. అది స్ప్రింగ్, డ్యాంపింగ్, మన బరువు, ఈ మూడూ కుదిరితే వచ్చేది.

రోడ్డు సంగతీ చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా వేసిన లెక్క అది. మన కాలనీల్లో జానెడు వెడల్పులో గట్టులా పోసినవాటిని ఏ షాక్ పెట్టినా హాయిగా దాటలేం.

కొనేముందు టేపు తీయండి

వేరే మోడల్ షాక్ వేయాలనుకుంటే మొదట చూడాల్సింది పైబోల్టు రంధ్రం నుంచి కిందబోల్టు రంధ్రం దాకా పొడవు. రెండు షాక్స్ ఉండే బండిలో పొడవు 10 మిల్లీమీటర్లు పెరిగితే వెనక భాగం దాదాపు అంతే లేస్తుంది. ముందు ఫోర్క్ కోణం అర డిగ్రీ దాకా నిటారవుతుంది, హ్యాండిల్ కాస్త చురుగ్గా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద బండి ఇంకా ఒరుగుతుంది. చైన్ బిగువూ మారుతుంది కాబట్టి మళ్లీ సెట్ చేయాలి.

తర్వాత బుష్. లోపలి రంధ్రం బోల్టుకి సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే వాషర్లు పెట్టి సర్దేస్తారు, దానికి ఒప్పుకోవద్దు. ఆ బోల్టు మీదే మీ వెనక కూర్చున్న మనిషి బరువంతా ఉంటుంది. చివరగా, షాక్ పూర్తిగా కుంగినప్పుడు డబ్బాగానీ స్ప్రింగ్‌గానీ చైన్ కవర్‌కో సైలెన్సర్‌కో తగలకూడదు.

మోనోషాక్ బండి అయితే ఇంకా జాగ్రత్త. అక్కడ షాక్ కదిలే దూరం కంటే చక్రం కదిలే దూరం చాలా ఎక్కువ. ఆ నిష్పత్తి 2.5 అనుకుంటే, షాక్ 10 మిల్లీమీటర్లు పొడవైతే వెనక చక్రం దగ్గర తేడా 25. స్ప్రింగ్ బలమైతే ఆ నిష్పత్తి వర్గంతో, అంటే 6.25తో భాగించినంతే చక్రానికి అందుతుంది. వేరే బండిలో ఆ నిష్పత్తి వేరు. అందుకే ఒక బండిలో అద్భుతంగా ఉన్న మోనోషాక్ ఇంకో బండిలో చెక్కలా ఉండొచ్చు.

అమ్మ కూర్చున్నాక ఎంత కుంగింది?

మావాడి బండికి ముందు ఉన్న షాక్స్ సంగతే చూశాం. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలిచాం. తర్వాత వాణ్ని కూర్చోబెట్టి కొలిచాం. రెండింటి తేడానే శాగ్. రోడ్డు బండికి మొత్తం కదలికలో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటే మంచిది. మావాడిది అంతకంటే బాగా ఎక్కువ కుంగింది. ఎడమ షాక్ రాడ్ మీద ఆయిల్ జిడ్డు. సీటు నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి ఆగాలి, అది ఊయలలా ఊగింది. షాక్ ఎప్పుడో చచ్చిపోయింది.

స్ప్లెండర్‌వే కొత్త జత వేయించాడు. వాటికి ప్రీలోడ్ అయిదు మెట్లు ఉంటుంది. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. స్ప్రింగ్ అదే ఉంటుంది, బండి కుంగే ఎత్తు మాత్రమే మారుతుంది. ఆఫీసుకి రెండో మెట్టు, ఆదివారం నాలుగో మెట్టు. హుక్ స్పానర్ ఉంటే రెండు నిమిషాల పని. ఆవిడ ఇప్పుడు ఆటో అడగడం లేదట, "మెల్లగా పోనీ" అని మాత్రం అంటూనే ఉందట.

వేరే మోడల్ షాక్ తప్పని నేననను. రోజూ ఇద్దరు ఎక్కే బండికి, కొలతలన్నీ కలిసినప్పుడు, అది తెలివైన పనే కావచ్చు. కానీ చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆర్సీలో షాక్ అనే కాలమ్ లేదు కదా అని వాదించే ముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. వారంటీ ఉన్న బండైతే సర్వీస్ సెంటర్‌లోనూ అడగండి.

ఈ వీకెండ్ డబ్బు ఖర్చు పెట్టక ముందు ఒక టేపు, ఒక ఫ్రెండ్, పది నిమిషాలు చాలు. వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లనీ కూర్చోబెట్టే కొలవండి. షాక్ ఎవరి కోసం మారుస్తున్నామో ముందు వాళ్ల బరువే తెలియాలి.